చంటిబిడ్డతో విదేశీ ప్రయాణం: బర్త్ సర్టిఫికెట్ నుంచి తిరిగి ఇల్లు చేరేదాకా

మా పాపకి నాలుగున్నర నెలలు నిండాక సింగపూర్ వెళ్లొచ్చాం. నేను, మావారు, అత్తయ్య, పాప. ఐదు రోజులు. టికెట్ల సంగతి చెప్పగానే గుంటూరు బ్రాడీపేటలో మా అమ్మ అన్న మొదటి మాట, "చంటిదాన్ని చంకనేసుకుని సముద్రాలు దాటతావటే?" అని. అమ్మ భయం ఊరికే వచ్చింది కాదు. మా ఇంట్లో మూడో నెల వెళ్లేదాకా బిడ్డని ఊరి పొలిమేర దాటనివ్వరు. తర్వాత పిల్లల డాక్టర్ చెప్పిన లెక్క కూడా ఇంచుమించు అక్కడికే వచ్చింది.

ఈ ప్రయాణంలో ముప్పాతిక పని ఇంట్లోనే, బయల్దేరే ముందు రెండు మూడు నెలల్లో అయిపోతుంది. ఎప్పుడు వెళ్లాలి, ఏ కాగితాలు కావాలి, ఎంత తక్కువ ప్లాన్ చేసుకోవాలి అన్నవి తేల్చుకున్నాక విమానంలో చేయాల్సింది పెద్దగా మిగలదు. విజయవాడ, గుంటూరు వైపు నుంచి వెళ్లే వాళ్ల కోసం, మేము చేసిన వరుసలోనే రాస్తున్నాను.

1. ముందు నెల తేల్చుకోండి, తర్వాతే దేశం

పుట్టిన మొదటి నెలలో షికారు ప్రయాణం పెట్టుకోకండి. కొన్ని ఎయిర్‌లైన్స్ వారం దాటిన బిడ్డని కూడా ఎక్కించుకుంటాయి, కొన్ని రెండు వారాలు నిండాలంటాయి. వాళ్లు ఎక్కించుకుంటారు కదా అని మనం బయల్దేరక్కర్లేదు. మూడు నెలల లోపు బిడ్డ ఒళ్లు 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ చూపించిందంటే అది ఇంట్లో తడిగుడ్డ వేసి చూసుకునే జ్వరం కాదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రక్తపరీక్షలు చేస్తారు, ఒక్కోసారి చేర్చుకుంటారు కూడా. మన ఊళ్లో అయితే సూర్యారావుపేటకో కొత్తపేటకో ఆటోలో వెళ్లిపోతాం. ఊరు కాని ఊళ్లో, అర్ధరాత్రి, డాలర్ల బిల్లుతో ఆ టెన్షన్ పడాల్సిన పని లేదు.

ఇక టీకాల లెక్క. పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి వేస్తారు. ఆరు, పది, పద్నాలుగు వారాలకి పెంటావాలెంట్, పోలియో, రోటావైరస్ వస్తాయి. ఆరు, పద్నాలుగు వారాలకి న్యుమోకాకల్ టీకా కూడా ఉంటుంది. పద్నాలుగో వారం టీకాలు అయ్యేసరికి బిడ్డకి మూడు నెలలు దాటిపోతుంది. టీకా వేశాక ఒకటి రెండు రోజులు జ్వరం రావడం మామూలే కాబట్టి, ఆఖరి టీకాకి, ఫ్లైట్‌కి మధ్య కనీసం వారం, కుదిరితే రెండు వారాలు ఉంచుకోండి.

ఇంకో చివర ఆరో నెల. అన్నప్రాసన అయిందంటే మెత్తటి అన్నం, గిన్నెలు, చెంచాలు, వడకట్టడాలు మొదలవుతాయి. అప్పటిదాకా తల్లిపాలు తాగే బిడ్డకి మంచినీళ్లు కూడా అవసరం లేదు, అంటే వంటిల్లు మీ దగ్గరే ఉన్నట్టు. అందుకే నా మటుకు నాకు మూడున్నర నెలలు దాటాక, ఆరో నెల లోపల ఉన్న కాలమే అన్నింటికన్నా తేలిక. పాకదు, పరుగెత్తదు, మనిషిని చూసి నవ్వుతుంది, ఎత్తుకుంటే చాలు.

ఆరు నెలలు దాటాకే వెళ్లాల్సి వస్తే డాక్టర్ని తట్టు టీకా గురించి అడగండి. మన దగ్గర అది తొమ్మిదో నెలలో వేస్తారు. విదేశాలకు వెళ్లే ఆరు నుంచి పదకొండు నెలల పిల్లలకి ముందుగా ఒక డోసు ఇవ్వడం అంతర్జాతీయంగా ఉన్న పద్ధతి. ఆ ముందు డోసు వేయించినా తర్వాతి డోసులు మానకూడదు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి ఈ లెక్కలేవీ సరిపోవు, వాళ్లకి వేళ డాక్టరే చెప్పాలి.

తల్లి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఇంట్లో అందరూ బిడ్డ గురించే అడుగుతారు. ప్రసవం అయ్యాక మొదటి ఆరు వారాల్లో కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు మామూలు కన్నా ఎక్కువ, గంటల తరబడి కదలకుండా కూర్చుంటే అది ఇంకా పెరుగుతుంది. సిజేరియన్ అయితే కుట్లు, బరువులు ఎత్తడం కూడా చూసుకోవాలి. ఆరు వారాల చెకప్‌లో మీ డాక్టర్ సరే అన్నాకే తేదీల గురించి ఆలోచించండి.

2. బర్త్ సర్టిఫికెట్: ఒక్క అక్షరం కూడా తేడా రాకూడదు

మొత్తం పనిలో మేము ఎక్కువ రోజులు పోగొట్టుకున్నది ఇక్కడే. 2023 అక్టోబర్ 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన వాళ్లకి పాస్‌పోర్ట్‌లో పుట్టిన తేదీకి రుజువు బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే. ఇంకే కాగితం పెట్టినా చెల్లదు.

జననం 21 రోజుల లోపల నమోదు కావాలి. ఆసుపత్రిలో కాన్పు అయితే వివరాలు వాళ్లే కార్పొరేషన్‌కో పంచాయతీకో పంపుతారు. చిక్కల్లా ఆ వివరాల ఫారం దగ్గరే. కాన్పు హడావిడిలో ఎవరో ఒకరు, ముందున్న కేస్ షీట్ చూసి రాసేస్తారు. మా విషయంలో అదే జరిగింది. నా పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఫారంలో ఒక్క పొడి అక్షరం వేసి వదిలేశారు. మావారి పేరులో ఒక 'హెచ్' ఎగిరిపోయింది. సర్టిఫికెట్ చేతికొచ్చాక చూసుకుని, దిద్దించుకోవడానికి మూడు వారాలు తిరిగాం. మీరు మాత్రం డిశ్చార్జ్ కాకముందే భార్యాభర్తలిద్దరి పాస్‌పోర్ట్‌ల జిరాక్స్ తీసుకెళ్లి, "ఇందులో ఎలా ఉందో అలాగే రాయండి" అని చేతికివ్వండి. రాశాక ఒకసారి చూపించమనండి.

రెండోది బిడ్డ పేరు. పేరు లేకుండానే నమోదు అయిపోతుంది, బారసాల అయ్యాక చేర్చుకోవచ్చు. ఏడాది లోపల చేరిస్తే ఫీజు లేదు. అయితే పాస్‌పోర్ట్‌కి పేరున్న సర్టిఫికెట్ కావాలి. పదకొండో రోజో ఇరవై ఒకటో రోజో బియ్యంలో పేరు రాసే ముందే, దాన్ని ఇంగ్లీషులో ఎలా రాయాలో ఇంట్లో తేల్చుకోండి. న్యూమరాలజీ చూపించుకునే వాళ్లు అప్పుడే చూపించుకోండి. సర్టిఫికెట్ వచ్చాక ఇంకో 'ఎ' కలుపుదాం అంటే కథ మళ్లీ మొదటికొస్తుంది. ఇంటిపేరు పొట్టిగా కాకుండా పూర్తిగా రాయించండి. పాస్‌పోర్ట్, వీసా, టికెట్ అన్నీ ఈ ఒక్క కాగితం చూసే తయారవుతాయి.

3. పాస్‌పోర్ట్

బిడ్డకి విడిగా పాస్‌పోర్ట్ ఉండాలి. పాస్‌పోర్ట్ సేవా వెబ్‌సైట్‌లో దరఖాస్తు నింపి, ఫీజు కట్టి, అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. పిల్లల పాస్‌పోర్ట్ ఫీజు 1000 రూపాయలు, ఎనిమిదేళ్ల లోపు వాళ్లకి కొత్త పాస్‌పోర్ట్ మీద 10 శాతం తగ్గింపు ఉంది. త్వరగా కావాలని తత్కాల్ కింద పెడితే ఇంకో 2000 అదనం. టైమ్ ఉంటే తత్కాల్ అవసరం పడదు. ఈ పాస్‌పోర్ట్ ఐదేళ్లు పనిచేస్తుంది.

తీసుకెళ్లాల్సినవి: బిడ్డ బర్త్ సర్టిఫికెట్, తల్లిదండ్రుల పాస్‌పోర్ట్‌లు (ఒరిజినల్స్, సంతకం చేసిన జిరాక్స్‌లు), అడ్రస్ ప్రూఫ్, ఇద్దరూ సంతకం చేసిన అనెక్సర్-డి (బిడ్డకి పాస్‌పోర్ట్ కోసం తల్లిదండ్రులు ఇచ్చే డిక్లరేషన్ ఫారం). ఇద్దరిలో ఒకరు ఊళ్లో లేకపోతే, లేదా ఒకరి అంగీకారం లేకపోతే పెట్టాల్సిన ఫారాలు వేరు, దరఖాస్తు నింపేటప్పుడే అది చూసుకోండి. బిడ్డని వెంట తీసుకెళ్లాలి. పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో ఏ, బీ, సీ అని మూడు కౌంటర్లు వరుసగా దాటాలి. అపాయింట్‌మెంట్ వేళని బిడ్డ నిద్ర వేళకి కలిపి తీసుకోండి. మేము పొద్దున పూట తీసుకున్నాం, పాప బీ కౌంటర్ దగ్గర ఆవులించి సీ కౌంటర్‌కి నిద్రపోయింది.

నాలుగేళ్ల లోపు పిల్లలకి ఫొటో మనమే తీసుకెళ్లాలి. 4.5 సెంటీమీటర్ల పొడవు, 3.5 వెడల్పు, వెనక తెల్లగా ఉండాలి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది కానీ కాదు. అత్తయ్య పాపకి తలస్నానం చేయించి, సాంబ్రాణి వేసి, కళ్లకి కాటుక, బుగ్గన ఇంత దిష్టిచుక్క పెట్టి స్టూడియోకి తయారు చేసింది. స్టూడియో అబ్బాయి కెమెరా ఎత్తి దించేశాడు. "అమ్మా, బుగ్గ మీద చుక్క ఉంటే ఫొటో తిప్పి పంపుతారండీ" అన్నాడు. అత్తయ్య నా వైపు చూసింది, పాప వైపు చూసింది. కొంగు చివర తడిపి చుక్కని మెల్లగా తుడిచింది. తుడిచి, బ్యాగులోంచి కాటుక డబ్బా తీసి అదే చుక్కని పాప ఎడమ అరికాలికి పెట్టింది. "ఇది ఫొటోలో పడదుగా" అంది. అప్పటినుంచి ప్రయాణం అయ్యేదాకా దిష్టిచుక్క అరికాలిలోనే ఉంది.

ఫొటో తీయడానికి తేలికైన పద్ధతి: మంచం మీద ముడతలు లేకుండా తెల్ల దుప్పటి పరిచి, కిటికీ వెలుగులో బిడ్డని వెల్లకిలా పడుకోబెట్టి, పైనుంచి తీయడం. కళ్లు తెరిచి ఉండాలి, నోరు మూసి ఉండాలి, ఎత్తుకున్న వాళ్ల చేతులు కనబడకూడదు. పాలు తాగి పావుగంట అయ్యాక తీస్తే బిడ్డ హాయిగా చూస్తుంది.

4. దేశం, టికెట్, వీసా

ఇవి ఈ వరుసలోనే చేయాలి. పాస్‌పోర్ట్ చేతికి రాకముందు టికెట్ కొనకండి.

మొదటిసారికి నాలుగైదు గంటల్లో నేరుగా చేరే చోటే చూడండి. ఒక్క ఫ్లైట్ మారడం అంటే రెండుసార్లు ఎక్కడం, రెండుసార్లు దిగడం, మధ్యలో నాలుగు గంటలు కుర్చీలో కూర్చోవడం. టికెట్‌లో ఐదారు వేలు తగ్గుతాయని ఆ పని చేయకండి. సింగపూర్, బ్యాంకాక్, కౌలాలంపూర్, దుబాయ్, కొలంబో మనకి దగ్గర. మేము సింగపూర్ అనుకోవడానికి కారణం ఆ ఊరు బిడ్డని ఎత్తుకున్న మనిషికి సుఖంగా ఉండటమే. మాల్స్‌లో పాలిచ్చే గదులున్నాయి, మెట్రో స్టేషన్లలో లిఫ్టులున్నాయి, స్ట్రోలర్ మడవకుండానే బస్సెక్కొచ్చు, కుళాయి నీళ్లు తాగొచ్చు. ఎడారి దేశాలకైతే వేసవిలో వద్దు. మే నెలలో మన బెజవాడ ఎండ తప్పించుకుందామని ఇంకో ఎండలోకి వెళ్లినట్టవుతుంది.

రెండేళ్ల లోపు బిడ్డకి సీటు ఉండదు, ఒళ్లో కూర్చోబెట్టుకునే ఇన్‌ఫాంట్ టికెట్ ఉంటుంది. అంతర్జాతీయ ఫ్లైట్లలో చాలా ఎయిర్‌లైన్స్ పెద్దవాళ్ల చార్జీలో పదో వంతు దాకా తీసుకుంటాయి, కొన్ని ఒకే రేటు పెడతాయి. ఒక పెద్ద మనిషి ఒళ్లో ఒక బిడ్డకే అనుమతి. కవలలైతే ఇద్దరు పెద్దవాళ్లు ఉండాల్సిందే.

పెద్ద విమానాల్లో ముందు గోడకి తగిలించే చిన్న తొట్టి ఉంటుంది, బేసినెట్ అంటారు. దానికి ఎదురుగా ఉన్న సీట్లు ముందుగా అడిగి తీసుకోవాలి, అవి కొన్నే ఉంటాయి. మధ్యలో ఒకే నడవా ఉన్న చిన్న విమానాల్లో సాధారణంగా అది ఉండదు. టికెట్ కొనే ముందే ఫోన్ చేసి విమానం ఏ రకమో, బేసినెట్‌లో ఎంత బరువు దాకా పడుకోబెట్టొచ్చో అడగండి. అది ఉన్నా, సీట్ బెల్ట్ లైట్ వెలిగినప్పుడల్లా నిద్రపోతున్న బిడ్డని లేపి ఒళ్లోకి తీసుకోవాల్సిందే అని గుర్తుపెట్టుకోండి.

వీసా బిడ్డకి కూడా విడిగా కావాలి. సింగపూర్‌కి మనం వెళ్లే ముందే వీసా తీసుకోవాలి, గుర్తింపు ఉన్న ఏజెంట్ల ద్వారా చేయించుకోవచ్చు. చేరే రోజుకి మూడు రోజుల్లోపు ఎస్‌జీ అరైవల్ కార్డ్ (సింగపూర్‌లో దిగే వాళ్ల వివరాల ఫారం) ఆన్‌లైన్‌లో నింపాలి, అది కూడా తలా ఒకటి, బిడ్డకీ ఒకటి. ఆ కార్డుకి ఫీజు లేదు. డబ్బులు అడిగే వెబ్‌సైట్ కనిపిస్తే అది అసలుది కాదు. థాయ్‌లాండ్‌కి కూడా 2025 మే 1 నుంచి డిజిటల్ అరైవల్ కార్డ్ వచ్చింది. ఒకే వీసా మీద తిరిగే యూరప్ షెంగెన్ దేశాలకైతే ఆరేళ్ల లోపు పిల్లలకి వీసా ఫీజు లేదు, పన్నెండేళ్ల లోపు వాళ్లకి వేలిముద్రలు తీసుకోరు.

తల్లి గానీ తండ్రి గానీ ఒక్కరే బిడ్డని తీసుకెళ్తుంటే, రెండోవాళ్ల అంగీకార పత్రం నోటరీ చేయించి దగ్గర పెట్టుకోండి. బర్త్ సర్టిఫికెట్ ఒరిజినల్ కూడా వెంట ఉండాలి. తల్లి పాస్‌పోర్ట్‌లో పుట్టింటి ఇంటిపేరే ఉన్న వాళ్లకి ఇది మరీ ముఖ్యం. బిడ్డ ఇంటిపేరు వేరుగా కనిపిస్తుంది కదా.

5. డాక్టర్ దగ్గర అడిగి రాయించుకోవాల్సినవి

బయల్దేరే రెండు వారాల ముందు ఒకసారి, రెండు మూడు రోజుల ముందు ఇంకోసారి చూపించండి. రెండోసారి చూపించడం జలుబు, చెవి కోసమే. ముక్కు బిగుసుకుని ఉన్నా, చెవి నొప్పి ఉన్నా విమానం దిగేటప్పుడు బిడ్డ చాలా బాధపడుతుంది. ఆ రోజు డాక్టర్ వద్దంటే మానేయండి.

జ్వరం మందు విషయంలో చాలా జాగ్రత్త. మన దగ్గర దొరికే పారాసిటమాల్ చుక్కల మందులో సాధారణంగా ఒక ఎంఎల్‌కి 100 మిల్లీగ్రాములు ఉంటుంది. సిరప్‌లో ఐదు ఎంఎల్‌కి 125. అంటే ఒకే కొలతకి చుక్కల మందు నాలుగు రెట్లు ఎక్కువ. ఒకటి అనుకుని ఇంకొకటి పోస్తే ప్రమాదం. అందుకే బిడ్డని ఆ రోజు తూకం వేయించి, ఏ సీసా, ఎన్ని ఎంఎల్, ఎన్ని గంటలకోసారి అన్నది చీటీ మీద రాయించుకోండి. ఆ చీటీ ఫొటో ఇంట్లో అందరి ఫోన్లలో పెట్టండి. సీసాతో వచ్చిన డ్రాపర్‌నే వాడండి. నిద్రపుచ్చే మందు ఏదైనా రాయమని మాత్రం అడగకండి. ఫ్లైట్‌లో ఏడిస్తే ఏడవనివ్వండి.

ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు వయసు షరతు చదవండి. చాలా ట్రావెల్ పాలసీలు మూడు నెలలో ఆరు నెలలో నిండిన పిల్లలకే వర్తిస్తాయి. బిడ్డ పేరు పాలసీ కాగితంలో కనబడాలి.

6. రెండు వారాల ముందు: ఉయ్యాల మాన్పించడం

ఇది ఏ చెక్‌లిస్టులోనూ నాకు కనబడలేదు, కానీ మా ఇంట్లో అన్నింటికన్నా పనికొచ్చింది ఇదే. మన పిల్లలు చీర ఉయ్యాలలో పడుకుంటారు. దూలానికో కొక్కేనికో కట్టిన పాత నూలు చీరలో వంగి, ఊగుతూ, గుండ్రంగా ముడుచుకుని నిద్రపోతారు. హోటల్ గదిలో కొక్కెం ఉండదు. బల్లపరుపుగా ఉన్న మంచం మీద పెడితే రెండు చేతులూ విదిలించి ఉలిక్కిపడి లేస్తారు.

మేము పగలు రెండు నిద్రలు ఉయ్యాలలో, రాత్రి నిద్ర చాప మీద పలచటి పరుపు వేసి అలవాటు చేశాం. మొదటి మూడు రాత్రులు అందరం మేలుకునే ఉన్నాం. నాలుగో రాత్రి అత్తయ్య ఆ ఉయ్యాల చీరనే మడతపెట్టి పరుపు మీద బిగుతుగా పరిచింది. ఆ వాసనకో ఏమో పాప ఐదు గంటలు కదల్లేదు. ఆ చీరనే సింగపూర్ తీసుకెళ్లాం. హోటల్ వాళ్లని ముందుగా అడిగితే పిల్లల మంచం వేస్తారు, పరుపు మీద ఆ చీర బిగించి పరిచాం. బిడ్డని వెల్లకిలానే పడుకోబెట్టండి. దిండ్లు, వదులు దుప్పట్లు దగ్గర పెట్టకండి.

ఇదే సమయంలో ఇంట్లో పెద్దవాళ్లతో ఇంకో మాట కూడా మెల్లగా మాట్లాడుకోవాలి. తేనెలో వస రంగరించి నాకించడం, గ్రైప్ వాటర్ పట్టడం లాంటివి ప్రయాణంలో వద్దని. ఏడాది లోపు పిల్లలకి తేనె అసలు ఇవ్వకూడదు, బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. ఇది మనం చెబితే గొడవ, డాక్టర్ చెబితే వింటారు. అత్తయ్యని ఆ రోజు డాక్టర్ దగ్గరికి వెంట తీసుకెళ్లాను, పని అయిపోయింది.

7. సంచి

పెద్ద సూట్‌కేసులో ఏం పెట్టినా పర్లేదు. చేతి సంచి ఒక్కటే లెక్క. ఇంట్లోంచి అడుగు బయటపెట్టిన దగ్గర్నుంచి హోటల్ చేరేదాకా గంటలు లెక్కేసి, రెండున్నర గంటలకి ఒక డైపర్ చొప్పున, పైన ఇంకో నాలుగు. మూడు జతల బట్టలు, నాలుగు నూలు గుడ్డలు, తడి బట్టలకి జిప్ కవర్లు, జింక్ ఆక్సైడ్ క్రీమ్, థర్మామీటర్, డాక్టర్ చీటీ, మందు. మీకూ ఒక జత బట్టలు. పాలు కక్కితే బిడ్డకి మారుస్తాం, తడిసిన కుర్తాతో మనం ఆరు గంటలు కూర్చుంటాం.

డబ్బా పాలు తాగే బిడ్డకి ఒక్కోసారికి ఎంత పొడి కావాలో అంత విడివిడి డబ్బాల్లో కొలిచి పెట్టుకోండి. నీళ్లు మరగకాచినవి ఫ్లాస్కులో. ఎయిర్‌పోర్టులో ద్రవాలకి ఉండే 100 ఎంఎల్ నిబంధన బిడ్డ పాలకీ ఆహారానికీ వర్తించదు, ప్రయాణానికి సరిపడా తీసుకెళ్లొచ్చు. సెక్యూరిటీ దగ్గర ముందే చెప్పి బయటపెట్టండి.

8. హైదరాబాద్ దాకా

గన్నవరం నుంచి నేరుగా విదేశాలకు వెళ్లే ఫ్లైట్లు కొన్నే, అవీ మొదలవుతుంటాయి, ఆగుతుంటాయి. మీ తేదీకి ఉంటే అంతకన్నా అదృష్టం లేదు. లేకపోతే శంషాబాద్. గన్నవరంలో ఎక్కి గంటలో శంషాబాద్‌లో దిగి అక్కడ మారడం ఒక దారి. రెండూ ఒకే టికెట్ మీద ఉండేలా చూసుకోండి, లేకపోతే సామాను మళ్లీ మనమే తీసుకుని ఇవ్వాలి.

కారులో అయితే విజయవాడ నుంచి సూర్యాపేట మీదుగా పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్ ఎక్కొచ్చు. గుంటూరు వాళ్లకి సత్తెనపల్లి, పిడుగురాళ్ల, మిర్యాలగూడ, నల్గొండ దారి ఉంది. గూగుల్ మ్యాప్ ఐదు గంటలు చూపిస్తే మీరు ఎనిమిది వేసుకోండి. రెండు గంటలకోసారి ఆపి బిడ్డని సీటులోంచి తీసి, వీపు చాపి పడుకోబెట్టాలి, పాలివ్వాలి. కదిలే కారులో ఒళ్లో పెట్టుకుని పాలివ్వకండి. రైలు ఇష్టమైతే వందే భారత్ గుంటూరులోనూ ఆగేది ఉంది, విజయవాడలో ఆగేది ఉంది, సికింద్రాబాద్ నుంచి మళ్లీ ఎయిర్‌పోర్ట్ దాకా ట్యాక్సీ.

మేము ముందు రోజే వెళ్లి హైదరాబాద్‌లో చుట్టాలింట్లో పడుకున్నాం. ఇది నా గట్టి సలహా. ఒకే రోజు రోడ్డూ, విమానమూ బిడ్డకి ఎక్కువ.

9. ఎయిర్‌పోర్ట్, విమానం

మూడున్నర గంటల ముందే చేరండి. స్ట్రోలర్‌ని చాలా ఎయిర్‌లైన్స్ విమానం తలుపు దాకా తీసుకెళ్లనిస్తాయి, ట్యాగ్ వేయించుకుంటే చాలు. సెక్యూరిటీలో బిడ్డని చేతిలోకి తీసుకుని స్ట్రోలర్‌ని మెషీన్ మీద పెట్టాలి. అందరికన్నా ముందు ఎక్కమంటారు. ఇద్దరుంటే ఒకరు సామానుతో ముందెక్కి సర్దండి, బిడ్డతో రెండోవాళ్లు ఆఖర్న ఎక్కండి. ఆ అరగంట బిడ్డకి బయట గాలి.

చెవుల విషయం. ఎక్కేటప్పటి కన్నా దిగేటప్పుడే నొప్పి. విమానం దిగడం నేల తాకడానికి అరగంట ముందే మొదలవుతుంది. అప్పుడే పాలు పట్టాలి, మింగుతుంటే చెవులు సర్దుకుంటాయి. అంటే అంతకుముందు గంటన్నరలో కడుపు నింపేయకూడదు. నేను ఎక్కేటప్పుడు పట్టాను, మధ్యలో నిద్రపోయింది, సిబ్బంది కుర్చీలు నిటారుగా పెట్టమని చెబుతున్నప్పుడు లేపి మళ్లీ పట్టాను. చున్నీ ఉంటే చాలు, ఎవరూ చూడరు. తల్లులు గంటకోసారి లేచి నడవాలి, నీళ్లు బాగా తాగాలి.

పాప ఒక ఇరవై నిమిషాలు గుక్కపట్టి ఏడ్చింది. పక్క సీటు పెద్దావిడ తన చేతి గాజులు గలగలలాడించింది, అంతే.

10. అక్కడ

సింగపూర్ గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. ఐదు రోజుల కోసం బిడ్డ వేళ మార్చకండి. ఇంట్లో ఎనిమిదింటికి పడుకునే బిడ్డ అక్కడ పదిన్నరకి పడుకుంటుంది, పొద్దున ఎనిమిదిన్నరకి లేస్తుంది. సాయంత్రాలు చల్లగా తిరగడానికి అది బాగా కలిసొచ్చింది.

రోజుకి ఒక్క చోటు. పొద్దున ఒక చోటు, మధ్యాహ్నం గదిలో నిద్ర, సాయంత్రం దగ్గర్లో నడక. బొటానిక్ గార్డెన్స్‌కి ప్రవేశం ఉచితం, తెల్లారే తెరుస్తారు. గార్డెన్స్ బై ద బేలో గాజు మందిరాలు రెండూ చల్లగా ఉంటాయి. చాంగి ఎయిర్‌పోర్ట్ దగ్గర జ్యువెల్ అనే మాల్‌లో 40 మీటర్ల జలపాతం ఉంది, దాన్ని తిరుగు ప్రయాణం రోజుకి దాచుకున్నాం. యూనివర్సల్ స్టూడియోస్ వదిలేశాం.

హోటల్ లిటిల్ ఇండియా దగ్గర తీసుకోవడం మంచిదైంది. సెరంగూన్ రోడ్డులో ఇడ్లీ దొరుకుతుంది, ముస్తఫా సెంటర్లో డైపర్ల నుంచి పెరుగు దాకా రాత్రి పొద్దుపోయాక కూడా దొరుకుతాయి, శ్రీనివాస పెరుమాళ్ గుడికి అత్తయ్య నడిచే వెళ్లొచ్చింది. ఇంకో కారణం కూడా ఉంది: ప్రభుత్వ స్త్రీ, శిశు ఆసుపత్రి కేకే హాస్పిటల్ అక్కడికి దగ్గర. పిల్లలకి 24 గంటల ఎమర్జెన్సీ ఉంది. అంబులెన్స్ నంబర్ 995. మీరు ఏ ఊరు వెళ్లినా పిల్లల ఆసుపత్రి ఎక్కడుందో చూసుకునే హోటల్ బుక్ చేయండి.

అక్కడ మామూలు ట్యాక్సీలకి పిల్లల సీటు నిబంధన మినహాయింపు ఉంది, యాప్‌లో పిలిచే ప్రైవేటు కార్లకి లేదు. యాప్‌లో పిల్లల సీటున్న కారు విడిగా ఎంచుకోవాలి. దుబాయ్‌లో నాలుగేళ్ల లోపు పిల్లలకి సీటు తప్పనిసరి.

ఆరు నెలల లోపు బిడ్డకి సన్‌స్క్రీన్ బదులు నీడ, నూలు బట్టలు, టోపీ. అక్కడ డెంగీ దోమ ఉంది, స్ట్రోలర్ మీద దోమతెర కప్పండి. ఏసీ గదిలోంచి ఎండలోకి, ఎండలోంచి ఏసీలోకి వెళ్లేటప్పుడు ఒక పలచటి గుడ్డ చేతిలో ఉండాలి. మూడో రోజు మధ్యాహ్నం పాప ఒళ్లు వెచ్చగా అనిపించి భయపడ్డాను. థర్మామీటర్ 98.8 చూపించింది. చొక్కా విప్పి, పాలిచ్చి, పావుగంట ఆగి చూస్తే మామూలే. చేత్తో చూసి మందు పోయకండి, కొలిచి చూడండి.

11. తిరిగి వచ్చాక

రెండు మూడు వారాల దాకా జ్వరం, విరేచనాలు, ఒంటి మీద దద్దుర్లు ఏది కనిపించినా డాక్టర్‌కి "విదేశం వెళ్లొచ్చాం" అని ముందుగా చెప్పండి. తర్వాతి టీకా తేదీని క్యాలెండర్‌లో చూసుకోండి. ఉయ్యాల మళ్లీ కట్టొచ్చు.

ఇల్లు చేరేసరికి గుమ్మంలో మా అమ్మ ఎర్రనీళ్ల పళ్లెంతో నిలబడి ఉంది, గుంటూరు నుంచి పొద్దున్నే వచ్చేసిందట. దిష్టి తీసి, పాపని ఎత్తుకుని, ముందు ఎడమ కాలు పైకెత్తి అరికాలు చూసింది. చుక్క కొంచెం చెదిరింది గానీ ఉంది.